యజమాని ఎవరు?



లేబర్ లాయరు అనగానే మనకు కోర్టులో వాదించే మనిషి గుర్తొస్తాడు. కానీ కంపెనీలకు సలహాలిచ్చే లాయరు చేసే అసలు పని వివాదం పుట్టకముందే ఆఫీసు గదిలో, ఒప్పంద పత్రం మీద జరిగిపోతుంది. ఎవర్ని యజమాని అనకూడదో అక్కడే నిర్ణయమవుతుంది. పాలమూరులో, గద్వాల వైపు సీడు పత్తి చేలలో దీన్ని కళ్లారా చూడొచ్చు.

హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం సాయంత్రం మొగ్గ విప్పి మగ కేసరాలు తీసెయ్యాలి. మర్నాడు పొద్దున ఆ పువ్వుకు వేరే రకం పుప్పొడి అద్దాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే. ఏళ్ల తరబడి ఈ పనికి ఎక్కువగా పెట్టింది ఆడపిల్లల్నే. చిన్న వేళ్లు, ఓపిక అని కారణాలు చెబుతారు. నిజానికి వాళ్ల కూలి చవక, తల్లిదండ్రులు అడ్వాన్సు తీసుకుని ఉంటారు, పిల్లలు ఎదురు చెప్పరు.

ఇక కాగితాల సంగతి. కంపెనీ ఆర్గనైజరుతో ఒప్పందం రాసుకుంటుంది. ఆర్గనైజరు రైతుతో మాట్లాడుకుంటాడు. రైతు పిల్ల తండ్రితో నోటిమాటగా మాట్లాడుకుంటాడు. మూల విత్తనం కంపెనీదే. కొనే ధర ముందే నిర్ణయించేదీ కంపెనీయే. చేను చూసిపోయేది దాని మనుషులే. కూలీల మాట ఎత్తేసరికి మాత్రం 'మేము విత్తనం కొనేవాళ్లమే' అంటుంది. ఈ మాట వెనక లాయరు చెయ్యి ఉంటుంది. ధర బిగించాక రైతు మిగుల్చుకోగలిగేది కూలిలోనే కదా!

2003లో పరిశోధకులు ఈ చేలలోని పిల్లల శ్రమకూ బహుళజాతి కంపెనీలకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాక, కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టకూడదన్న షరతు చేర్చాయి. మంచిదే. కానీ షరతు తప్పితే దోషి రైతే. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదంది. బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి సాయపడడాన్ని మాత్రం మినహాయించింది. కుటుంబం అన్న మాట వెనక ఆడవాళ్ల శ్రమ మాయం కావడం మనకు కొత్త కాదు. ఉమ్మడి నల్లగొండ చేనేత ఇళ్లలో ఆసు పోసే స్త్రీ పేరు మజూరీ లెక్కలో తరచు ఉండనే ఉండదు.

కేరళలోని ఒక తాళ్ల ఫ్యాక్టరీ కేసులో 1978లో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో, మధ్యలో కాంట్రాక్టర్లున్నా కార్మికుల బతుకుతెరువు మీద ఆర్థికమైన అదుపు ఎవరిదో వారే అసలు యజమాని అంది. చేను ఫ్యాక్టరీ కాదని కంపెనీ లాయరు వెంటనే అంటాడు. అనుకోనివ్వండి. అదుపు ఎవరిదో చూపించే కాగితాలు మన దగ్గరుండాలి.

అందుకని ఊళ్లకు వెళ్లినప్పుడు కూలి ఎంత అని అడగడంతో ఆగకండి. ధర రాసిన చీటీ, విత్తనం ఇచ్చిన రశీదు, ఏ తేదీన ఎవరొచ్చి చేను చూశారో, అడ్వాన్సు ఎవరి చేతికి ఎంత ముట్టిందో రాసుకోండి. ఒప్పందం నకలు రైతు దగ్గర లేకపోతే ఆ సంగతీ రాయండి. ఆ ఇంటి ఆడవాళ్లను కూడా అడగండి. చీటీలు దాచేది ఎక్కువగా వాళ్లే.