ముల్లు ఎర్రగీత చేరినప్పుడు



మదనపల్లె మార్కెట్టులో టమోటాలు నింపుకొని బయలుదేరు చిన్న పికప్ బండిని ఒక్కమారు తలచుకొనుడు. అందలి సరుకు ఒకరి పంట. బండి మరొకరి జీవనాధారము. పెక్కుమారులు ఆ బండి వాయిదాలపై కొన్నదియే. అట్టి బండి ఘాటురోడ్డు ఎక్కుచుండగా ఉష్ణమాపకపు ముల్లు ఎర్రగీతవైపు జరిగినచో డ్రైవరు గుండె గతుక్కుమనుట సహజము. ఆ సమయమున చేయవలసినదేమి, చేయరానిదేమి, లోపము నెట్లు కనుగొనవలెను అను విషయములను నేడు మనవి చేయుదుము.

ముల్లు చూపునది లక్షణమే గాని వ్యాధి కాదు. ఈ భేదమును గమనింపక మొదట థర్మోస్టాటు, పిదప పంపు, ఆపై రేడియేటరు అని వరుసగా భాగములు మార్చుచు డబ్బు పోగొట్టుకొనువారిని మేము చూచియున్నాము. కావున ముందుగా తేల్చుకొనవలసినది ఒక్కటే: ఇంజను నిజముగా కాగినదా, లేక ముల్లు అబద్ధమాడుచున్నదా?

ఇంజనులోని నీటి వేడిని కొలుచుటకు ఒక సెన్సరు ఉండును. సాధారణముగా వేడి హెచ్చినకొలది దాని విద్యున్నిరోధము తగ్గును. దాని తీగె ఒరసికొనిపోయి ఇంజను లోహమునకు తగిలినచో, పెక్కు బండ్లలో ఇంజను చల్లగా నున్నను ముల్లు తుదివరకు పోవును. రాత్రియంతయు నిలిపియుంచిన బండిలో తెల్లవారి తాళము త్రిప్పగానే ముల్లు ఎర్రగీతను చూపినచో ఆ సాక్ష్యము నమ్మదగినది కాదు. దీనికి విరుద్ధముగా, నీరు కారిపోయి సెన్సరు గాలిలో మిగిలినచో, ఇంజను కాగిపోవుచున్నను ముల్లు క్రిందికి దిగవచ్చును. ఇది మరింత ప్రమాదకరము. దూరమునుండియే వేడిని కొలుచు పరికరములు నేడు షెడ్లలో నున్నవి. దానితో ఇంజనుపై, గొట్టములపై కొలిచి చూచినచో సందేహము తీరును.

వేడి నిజమని తేలినపుడు అడుగవలసిన ప్రశ్న: ముల్లు ఎప్పుడు లేచుచున్నది?

బండి రద్దీలో నిలిచినపుడు లేచి, పరుగెత్తునపుడు దిగుచున్నచో ఫ్యానును అనుమానింపవలెను. నడచు బండికి ఎదురుగాలి లభించును. నిలిచిన బండికి ఫ్యానే గతి. పరుగులోను, ఎగువదారిలోను లేచుచున్నచో రేడియేటరును చూడవలెను. వెలుపల దాని రెక్కల నడుమ దుమ్ము, ఊక చేరియుండవచ్చును. లోపల బోరునీటి లవణములు పేరుకొని సన్నని గొట్టములు పూడియుండవచ్చును. పై గొట్టము మిక్కిలి కాగియుండి క్రింది గొట్టము చల్లగా నున్నచో నీరు తిరుగుట లేదన్నమాట. సాధారణముగా 80, 90 డిగ్రీల నడుమ తెరచుకొనవలసిన థర్మోస్టాటు మూసికొనియుండుటయో, పంపు నీటిని నెట్టకుండుటయో, రేడియేటరు పూడియుండుటయో దానికి కారణము. వెలుపల ఎచ్చటను కారకయే నీరు తరుగుచు, నీటిలో ఎడతెగక బుడగలు లేచుచు, పొగగొట్టమునుండి తెల్లనిపొగ వచ్చుచున్నచో హెడ్డు గాస్కెటు దెబ్బతిన్నదని శంకింపవలెను. అట్టి బండిని నడుపక మెకానిక్కుకు చూపవలెను.

ఇక దారిలో చేయవలసిన పని. ముల్లు మామూలు చోటు దాటి లేచుచున్నదని గమనించిన వెంటనే ఏసీ ఆపి, వేగము తగ్గించి, బండిని ప్రక్కకు తీయవలెను. ఎర్రగీత చేరినచో ఇంజను ఆపవలెను. తరువాత కనీసము అరగంట ఓర్పు వహింపవలెను. ఆ అరగంటలో రేడియేటరు మూత జోలికి పోరాదు. మూత లోపలి ఒత్తిడిని నిలిపియుంచును. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము వంతున ఉన్నచో వట్టినీరు సైతము సుమారు 120 డిగ్రీలవరకు మరుగదు. మూత విప్పగానే ఒత్తిడి పోవును. 100 డిగ్రీలు మించిన నీరు తత్క్షణమే ఆవిరియై ముఖముమీదికి చిమ్మును. చేతులు, కన్నులు కాలిన డ్రైవర్లు ఎందరో ఈ తొందరపాటు వలననే బాధపడిరి. కాగిన ఇంజనుపై చన్నీరు గ్రుమ్మరించుటయు తగదు. లోహము బీటలు వారవచ్చును.

పూర్తిగా చల్లారిన పిదప, దళసరి గుడ్డతో పట్టి మూతను మెల్లగా విప్పి నీరు పోయవచ్చును. ఆపదలో మంచినీరైనను పనికివచ్చును. ఊరు చేరిన తరువాత దానిని తీసివేసి, తయారీదారు చెప్పిన కూలెంటు నింపించి, నీరు పోయిన మార్గమును కనుగొనవలెను.

పగిలిన గొట్టము, తెగిన బెల్టు స్వల్పవ్యయముతో బాగగును. ముల్లును లెక్కసేయక మరి నాలుగు కిలోమీటర్లు లాగినచో హెడ్డు వంగి, బండి వారములతరబడి షెడ్డులో నిలువవచ్చును. సరుకు అరగంట ఆలస్యముగా చేరినచో కలుగు నష్టము దానిముందు అల్పము. ఈ మాటను బండి యజమానులు తమ డ్రైవర్లకు ముందుగానే చెప్పి ధైర్యమీయవలెనని మా మనవి. యజమాని కోపమునకు వెరచి బండి ఆపనివాడే తరచుగా ఇంజనును పోగొట్టుచున్నాడు.