మొక్కకు తగ్గ కుండీ

బళ్లారి, రాయచూరు వైపు ఎండాకాలంలో మిద్దె మీది మొక్క పొద్దున నీళ్లు పోసినా సాయంత్రానికి తల వాల్చేస్తుంది. చాలాసార్లు కారణం కుండీ చిన్నది కావడమే. మట్టి తక్కువైతే తేమ నిలవదు, వేళ్లకు చోటు చాలదు.

ఆకుకూరలకు 6 అంగుళాల లోతు చాలు. మిరప, వంగకు 12 అంగుళాలు కావాలి. టమాటాకు 15 నుంచి 20 లీటర్ల బకెట్టు మేలు. కరివేపాకుకు 18 అంగుళాల తొట్టి పెట్టండి. అలాగని లేత నారును నేరుగా పెద్ద తొట్టిలో నాటితే, అది పీల్చుకోలేని నీరు నిలిచి వేరు కుళ్లవచ్చు. ముందు చిన్న కుండీలో పెంచి, వేళ్లు అడుగు చిల్లుల్లో కనిపించగానే మార్చండి.

తడి మట్టితో 20 లీటర్ల తొట్టి 30 కిలోల దాకా తూగుతుంది. అందుకే మిద్దె నడిమధ్యన కాక, గోడల మీదుగా వరుస పెట్టండి. పాత బకెట్టయినా ఫరవాలేదు, అడుగున చిల్లులు మాత్రం మరవకండి.