అటక మీది తుపాకి తోలు పెట్టెకు ఏం రాయాలి?



ఇవాళ్టి విషయం వినగానే "తుపాకులకూ మనకూ ఏం సంబంధమమ్మా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. తుపాకితో మనకు సంబంధం లేకపోవచ్చు గాని, పండగ ముందు అటక దులిపేది మాత్రం మనమే కదా! నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత ఇళ్లలో ఇత్తడి బిందెల వెనకాల పొడుగాటి తోలు తొడుగో, తోలు పెట్టో కనబడడం ఇప్పటికీ ఉన్నదే. ఒకప్పుడు గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల వైపు, నల్లమలలో అమ్రాబాదు అడవుల వైపు వేట ఓ వేడుక. నల్లగొండ గడీల్లో తుపాకి దొరతనానికి గుర్తు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట ముచ్చట ముగిసింది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులను 3 నుంచి 2కు తగ్గించారు. అలా తుపాకులు వెళ్లిపోయిన ఇళ్లలో కూడా తోలు పెట్టెలు మిగిలిపోయాయి. తాతగారి జ్ఞాపకమని పారెయ్యలేం, ఎలా చూసుకోవాలో తెలియదు. చేతికందిన కొబ్బరినూనె ఇంత పూసి మళ్లీ అటకెక్కిస్తాం.

నూనె సంగతి తర్వాత. ముందు ఆ పెట్టె ఖాళీగా ఉందో లేదో చూడాలి. తుపాకి కనబడితే దాన్ని కదిలించవద్దు. గుండు లేదులే అని మనంతట మనం అనుకోకూడదు. పిల్లల్ని అక్కణ్ణించి పంపించి, లైసెన్సు ఉన్నవారిని పిలవాలి. వారు కాలం చేసి ఉంటే ఆ తుపాకిని ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పోలీసు ఠాణాలో గాని, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో గాని అప్పగించాలని చట్టం చెబుతుంది. తీసుకెళ్లే ముందు ఠాణాకు కబురు చేసి, వారు చెప్పినట్లు చెయ్యడం మంచిది. పెట్టె పక్క జేబుల్లో పాత తూటాలు కూడా ఉండిపోతుంటాయి. లైసెన్సు లేకుండా అవి ఇంట్లో ఉండడం కూడా నేరమే. ఇల్లాలికి తెలియకుండా ఆ ఇంట్లో ఉండే ప్రమాదం ఇదే గనుక దీన్ని ముందుగా చెప్పాను.

ఇంకో మాట. తుపాకి ఇంకా ఉన్న ఇళ్లలోనైనా దాన్ని ఏళ్ల తరబడి తోలు పెట్టెలో దాచకూడదు. తోలు గాలిలోని తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది. పదును చేసేటప్పుడు వాడిన పులుపు, ఉప్పు దానిలో కొంత మిగిలి ఉంటాయి. ఆ తేమ, ఆ పులుపు కలిసి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. తోలు పెట్టె ప్రయాణానికే గాని కాపురానికి కాదు.

ఇక తోలు సంగతి. మన పల్లెల్లో మాదిగ పనివారు తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, లందలో తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లతో పదును చేసేవారు. బతుకమ్మలో మనం పేర్చే ఆ తంగేడే! పూవు మనకు, పట్ట తోలుకు. దక్షిణ దేశంలో ఇలా తయారైన తోలు సీమకు కూడా ఎగుమతి అయ్యేది. పాత తుపాకి పెట్టెలు చాలామటుకు ఇలా చెట్ల పట్టలతో పదును చేసిన తోలువే. ఈ కాలపు సంచులు, బూట్లు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసినవి. పదును చేసిన తోలులో కొంత కొవ్వు పట్టించి ఉంచుతారు. మన మెట్ట ప్రాంతపు ఎండలు మీకు తెలుసు. 45 డిగ్రీలు తాకే రోజుల్లో రేకు కప్పు కింద అటక మీద తోలు ఎండి, మడతల దగ్గర పగులుతుంది. వానాకాలంలో దాని మీదే తెల్లగా బూజు. ఎండకు తగ్గిన జిడ్డును కొద్దిగా తిరిగి ఇవ్వడమే కండిషనర్ చేసే పని.

మన చేతిలో ఉన్నవి వాడితే పోదా అంటారేమో. మన జిల్లాల్లో ఒకప్పుడు ఆముదం పంట ఎక్కువగా ఉండేది. మోట తోళ్లకూ, కిర్రు చెప్పులకూ ఆముదం రాసేవారు. రోజూ నీళ్లలో, మట్టిలో నలిగే తోలుకు అది సరిపోయింది. కదలకుండా పడి ఉండే పెట్టెకు రాస్తే జిగటగా నిలిచి దుమ్మును పట్టుకుంటుంది, రంగు నల్లబడుతుంది. కొబ్బరినూనె చలికాలంలో పేరుకుని తెల్లటి పొరలా పైకి తేలుతుంది. వేరుశనగ నూనె మక్కువాసన కొట్టి బంకవుతుంది. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది, తోలును కూడా బిరుసు చేస్తుంది. కిరసనాయిలు ఉన్న జిడ్డును కూడా లాగేస్తుంది. బట్టల సబ్బు ఇంకా చెరుపు. తోలుది ఆమ్ల గుణం, సబ్బుది క్షార గుణం, రెంటికీ పడదు.

దుకాణంలో గాని ఆన్‌లైన్‌లో గాని కొనేటప్పుడు పేరు చూసి కాదు, డబ్బా మీది దినుసులు చదివి కొనండి. లానోలిన్ అంటే గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు. బీస్‌వాక్స్ అంటే తేనెమైనం. ఈ రెండూ ఉన్న పలచని క్రీము చాలా పెట్టెలకు చాలు. నీట్స్‌ఫుట్ ఆయిల్ అనేది పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె. పట్టింపు ఉన్న ఇళ్లవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. అది బిరుసెక్కిన పటకాలకూ, చేతిపిడికీ పనికొస్తుంది, కాని రంగును ముదురు చేస్తుంది. దాని పేరు పక్కన కాంపౌండ్ అని ఉంటే వేరే నూనెలు కలిపారని అర్థం. లెగ్ ఆఫ్ మటన్ అని పిలిచే గట్టి పెట్టెలకు, అంటే మేక తొడ ఆకారంలో కుట్టిన వాటికి, ఒళ్లంతా నూనె పట్టిస్తే మెత్తబడి ఆకారం జారిపోతుంది. వాటికి మైనం పాలు ఎక్కువున్న క్రీమే మేలు. నూగు తేలిన స్వెడ్ తోలుకు ఇవేవీ రాయకూడదు, మెత్తటి బ్రష్షు చాలు. బూట్ పాలిష్ రంగునూ మెరుపునూ ఇస్తుంది గాని ఎండిన తోలుకు సాకుడు కాదు.

రాసే పద్ధతి చెబుతాను. పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. బూజు ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట నీడలో దులపండి. ఎండలో పెట్టవద్దు. పటకా అడుగున, కనబడని చోట కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి. రంగు మారకపోతే పాత బనియను గుడ్డకు కందిగింజంత క్రీము తీసుకుని పలచగా రుద్దండి. లోపలి బనాతు గుడ్డకు అంటనీయకండి. రాత్రంతా వదిలి, పొద్దున పొడి గుడ్డతో తుడవండి. మూత వెంటనే బిగించకండి. ఇత్తడి కొక్కేల చుట్టూ పచ్చగా పేరుకునేది జిడ్డుకూ ఇత్తడికీ పడక పుట్టిన చిలుము. దాన్ని పుల్లతో గీకి తియ్యాలి. అక్కడ మళ్లీ క్రీము రాయకూడదు.

ఏడాదికి ఒకసారి చాలు, దసరా ముందు, వానలు తగ్గాక. అతిగా రాస్తే తోలు రంధ్రాలు మూసుకుపోయి, జిడ్డు నిలిచి బూజుకే మేత అవుతుంది. ఆయుధపూజ నాడు తోలు మీద తడి పసుపు, కుంకుమ పెట్టకండి, ఆ మరక పోదు. కింద కాగితం పరిచి దాని మీద పెట్టుకోండి. బనాతుకు చిమటలు పట్టకుండా చూస్తూ ఉండాలి. పెట్టెను అటక మీద నుంచి దించి, గాలి ఆడే బీరువాలో, పాత నూలు చీర చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో కట్టవద్దు.

చివరగా, ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి రాలే తోలుకు ఏ క్రీమూ రాయకండి. అది లోపలే చివికిన తోలు. నూనె పడితే నల్లబడుతుందే గాని బతకదు. గుడ్డ చుట్టి కదపకుండా ఉంచడమే దానికి సేవ. మిగిలినవాటికి కొంచెం క్రీము, కొంచెం గాలి, అన్నిటికంటే ముందు ఖాళీ జేబులు. ఈ మూడూ చూసుకుంటే తాతగారి పెట్టె మనవల దాకా నిలుస్తుంది, ఇల్లూ నిశ్చింతగా ఉంటుంది.