ఏ కంపెనీ కెమెరా కొనాలి?
(ధర్మపురిలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. బీపీ, షుగరు సంగతి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నాకు తెలిసింది ఫొటోలు. పైగా ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న వ్యవహారం రేపు మీ ఇంటికీ రావచ్చు.

మా మనుమడు పెళ్లిళ్ల ఫొటోలు తీస్తానంటున్నాడు. "తాతా, లక్షన్నర సర్దుతవా, కెమెరా కొంట" అన్నాడు. నా కమ్యుటేషన్ సొమ్ములో బ్యాంకులో మిగిలింది దాదాపు అంతే. ఏ కంపెనీదిరా అంటే మెగాపిక్సెళ్ల లెక్క చెప్పాడు. ముందు మౌంటు సంగతి చూడమన్నాను.

మౌంటు అంటే కెమెరాకు లెన్సు తగిలించే లోహపు కడియం. ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పట్టదు. కెమెరా కొన్నేళ్లకు పాతబడుతుంది, మంచి లెన్సు ముప్పై ఏళ్లయినా పనిచేస్తుంది. పెద్ద ఖర్చు కూడా లెన్సులకే. కంపెనీ కడియం మారిస్తే ఆ ఖర్చు బీరువాలో పడి ఉంటుంది.

మరి కంపెనీని నమ్మడమెట్లా? ప్రకటనలు పక్కన పెట్టి సర్వీసు బుక్కు తిరగేయాలి. నికాన్ 1959లో ఎఫ్ మౌంటు పెట్టింది. 1977లో కొంత మార్చినా కడియం అదే ఉంచింది. 1991 పుష్కరాలకు మన గోదావరి ఒడ్డున నేను ఫొటోలు తీసింది ఆ కంపెనీ ఎఫ్ఎం2తోనే. మా బావమరిది దుబాయి నుంచి తెచ్చాడు. 2018లో నికాన్ జెడ్ మౌంటుకు మారినప్పుడు ఒక అడాప్టరు ఇచ్చింది. దానితో నా పాత లెన్సు ఈనాటి కెమెరాకూ పడుతుంది, ఫోకసు మాత్రం చేత్తో తిప్పుకోవాలి.

కానన్ కథ వేరు. 1971 నాటి ఎఫ్‌డి మౌంటును 1987లో వదిలేసి, ఆటో ఫోకసు కోసం ఈఎఫ్ తెచ్చింది. పాత లెన్సులున్నవాళ్లు మండిపడ్డారు. కాని కొత్త కడియాన్ని 54 మిల్లీమీటర్ల వెడల్పుతో, లెన్సులోనే మోటారు ఉండేటట్టు ముందుచూపుతో కట్టారు. అందుకే 2018లో ఆర్ఎఫ్ వచ్చినప్పుడు ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో ఆటో ఫోకసు సహా పనిచేశాయి. నికాన్ అడాప్టరులో మోటారు లేదు గనుక, కెమెరా మోటారుతో తిరిగే పాత ఏఎఫ్ లెన్సులకు ఆ భాగ్యం దక్కలేదు. ఒకప్పుడు మాట తప్పినవాడే తర్వాత బాగా నిలబెట్టుకున్నాడు!

అట్లని కంపెనీ పేరు చూసి నిశ్చింతగా ఉండరాదు. 2011లో వచ్చిన నికాన్ 1 వరుస 2018లో ఆగిపోయింది. 2012 నాటి కానన్ ఈఎఫ్-ఎం 2023తో ముగిసింది. రెండూ చిన్న కెమెరాలవే. వృత్తివాళ్లు వాడే మౌంటును మాత్రం అంత తేలికగా వదలరు.

ఇంకొకటి, బయటివాళ్లను లెన్సులు చేయనిస్తున్నారా అన్నది. సోనీ తన ఈ మౌంటు వివరాలను 2011లోనే రుసుము లేకుండా ఇతర తయారీదార్లకు ఇచ్చింది. కానన్ ఆర్ఎఫ్‌కు సిగ్మా, టామ్రాన్ల ఆటో ఫోకసు లెన్సులు 2024లో గాని రాలేదు, అవీ చిన్న సెన్సారు కెమెరాలకే. పదిమంది చేసే లెన్సు మనబోటివారికి చవకగా దొరుకుతుంది.

మనుమడికి సొమ్ము ఇస్తానన్నాను. షరతు ఒక్కటే, బాడీ సెకండ్ హ్యాండుది, లెన్సులు కొత్తవి. వాడు ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. సోమవారం ఇద్దరం జగిత్యాల పోతున్నాం, నా పాత లెన్సు కూడా సంచిలో పెట్టుకున్నాను.