కన్నీటికి రెండు త్రోవలు

చిత్రము చూచి కంట తడి పెట్టుట బేలతనమని మేము చిరకాలము తలచితిమి. 1953లో వెలువడిన ‘దేవదాసు’ ఆ తలపును మాన్పినది. వాకిట మరణించినవాడు దేవదాసని తెలిసి పార్వతి పరుగిడగా తలుపులు మూసివేయు ఘట్టమున, మా ప్రక్క కూర్చున్న తండ్రిగారు ఉత్తరీయమును ముఖమునకు అడ్డము పెట్టుకొనిరి. మా తల్లి పోయిననాడు వారు ఏడువలేదు. బంధువుల యెదుట పెద్దరికము అడ్డు వచ్చినది. ఆ నాటి దుఃఖము ఈ చీకటిలో, పరుల కథ మిషతో వెలికి వచ్చినదని గ్రహించితిమి. ఏమియు అడుగలేదు.

పార్వతిగా ఏడ్పించిన సావిత్రియే 1957 నాటి ‘మాయాబజార్’లో, శశిరేఖ రూపు దాల్చిన ఘటోత్కచుడై, మగఠీవితో నడచినది. తండ్రిగారు కన్నీరు వచ్చునంతగా నవ్విరి. ఈసారి ఉత్తరీయము అడ్డము రాలేదు.

భరతుడు ఎనిమిది రసములను పేర్కొనుచు హాస్యమును, కరుణమును ప్రక్కప్రక్కనే నిలిపెను. ఏల నిలిపెనో శాస్త్రజ్ఞులు చెప్పుదురు గాక; మాకు మాత్రము ఆ రెండు చిత్రములు చూచిన పిమ్మట అది సహజముగనే తోచినది.

శ్రోతలారా! చిత్రశాలలో మీ ప్రక్కవారు కన్నులు తుడుచుకొనినచో చూడనట్లే ఉండుడు. నవ్వినచో మాత్రము వారితో కలిసి నవ్వుడు.