విద్యాలయానికి ముఖం: మన రాయి, మన ఎండ



ఒక విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ విభాగాలకు, అంటే భాషలు, చరిత్ర, అర్థశాస్త్రం వంటివి చెప్పే శాఖలకు, కొత్త భవనం కట్టాలని నిర్ణయించారనుకోండి. గదులు ఎన్ని, మెట్లు ఎక్కడ అన్న సంగతులు ఇంజనీర్లు తొందరగానే తేలుస్తారు. వాదన పెరిగేది భవనం ముఖం దగ్గర. మేస్త్రీలు దీన్నే ఎలివేషన్ అంటారు. దారిన పోయేవారికి కనబడే ఆ గోడ ఎలా ఉండాలి, దేనితో కట్టాలి? ఇది అందానికి సంబంధించిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. బళ్లారి ఎండలో ఇది లోపల కూర్చునే పిల్లల చదువుకు సంబంధించిన ప్రశ్న కూడా.

తెలుగువారికి బాగా తెలిసిన ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దానికి శాశ్వత భవనాలు కట్టే ముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశాలకు పంపించింది. యూరప్, అమెరికా, ఈజిప్టు వంటి చోట్ల విద్యాలయాలు ఎలా కట్టారో వారు చూసి వచ్చారు. కైరోలో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించారు. ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934 జులై 5న శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగింది.

ఇన్ని దేశాలు తిరిగి వచ్చినవారు చివరికి ముఖానికి ఏ వస్తువు ఎంచుకున్నారు? తమ కాళ్ల కింద ఉన్న గులాబీ ఛాయ గ్రానైట్ రాయినే. నడుమ ఉన్న ఎత్తైన కమాను ఇస్లామీయ శైలిది. స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహలను గుర్తుకు తెస్తాయి. ఆలోచన ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. రాయి మాత్రం ఆ నేలదే. అందుకే ఆ భవనం ఎనభై ఏళ్లు దాటినా అరువు తెచ్చుకున్న దానిలా కనిపించదు.

ఇక మన దగ్గరికి వద్దాం. రాతి విషయంలో మనకు గురువు హంపి. 2021 వరకు బళ్లారి జిల్లాలో ఉండి, ఇప్పుడు విజయనగర జిల్లాలో చేరినా, హంపి మనకు పొరుగే. అక్కడి బండల మీద వరుసగా తొలిచిన బెజ్జాల గుర్తులు నేటికీ కనబడతాయి. ఆ బెజ్జాల్లో చీలలు బిగించి బండను గీత గీసినట్టు చీల్చేవారు. విరూపాక్షస్వామి ఆలయ గోపురాన్ని ఈసారి కొంచెం నిలబడి చూడండి. కింది భాగం గ్రానైట్. పైన అంతస్తులు ఇటుక, సున్నపు పని. బరువు మోసే చోట రాయి, తేలికగా ఉండవలసిన చోట ఇటుక. మహానవమి దిబ్బకు గ్రానైట్ ముఖం ఉండగా, తరువాతి కాలంలో పడమటి వైపు ఆకుపచ్చ ఛాయ గల మెత్తని రాతితో తొడుగు వేశారు. అంటే గోడకు వేరే రాయి తొడగడం కొత్త విద్యేమీ కాదు.

ఈ పాఠాన్ని మన కాలం పూర్తిగా మరిచిపోలేదు. 1991లో ఏర్పడిన హంపి కన్నడ విశ్వవిద్యాలయం కమలాపురం దగ్గర తన ఆవరణలో రాతి కట్టడాలు కట్టుకుంది. వాటిని చూస్తే చుట్టూ ఉన్న గుట్టలకు దగ్గరి బంధువుల్లా ఉంటాయి.

అయితే నేడు పట్టణాల్లో మనకు ఎక్కువగా కనబడేది మరో రకం ముఖం. నిలువెల్లా అద్దం, దాని పక్కన అల్యూమినియం పలకలు. ఫొటోలో మెరుస్తాయి. కాని అద్దం ఎండను లోపలికి రానిస్తుంది. లోపల నేల, బల్లలు వేడెక్కాక ఆ వేడిని తేలికగా బయటికి పోనివ్వదు. ఏసీ ఉన్న బ్యాంకుకు అది చెల్లుతుంది. అరవైమంది కూర్చునే తరగతి గదిలో, ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోతే, పాఠం ఎవరి చెవికి ఎక్కుతుంది? ఆ బాధ పడేది ఎలివేషన్ ఎంపిక చేసిన కమిటీ కాదు, వెనక బెంచీలో కూర్చున్న విద్యార్థి.

సూర్యుడి నడకను కూడా గమనించాలి. బళ్లారి ఉత్తర అక్షాంశం 15 డిగ్రీల దగ్గర ఉంది. అందుచేత సుమారు మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. మిగతా కాలమంతా దక్షిణంగా ఉంటాడు. కాబట్టి ఉత్తరం, దక్షిణం రెండు గోడలకూ సజ్జాలు కావాలి. ఎత్తున ఉన్న సూర్యుణ్ణి సజ్జా ఆపుతుంది. సాయంత్రం పడమట వాలిన సూర్యుణ్ణి ఆపలేదు. అందుకని భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవు పెట్టి, పడమటి కొసన మెట్లు, సామాను గదులు, మరుగుదొడ్లు ఉంచడం మేలు. అక్కడ కిటికీ తప్పనిసరైతే రాతి జాలీయో, నిలువు పలకలో అడ్డం పెట్టాలి.

రాయి ఖరీదు కదా అని మీరు అడగవచ్చు. భవనమంతా రాతితో కట్టనక్కరలేదు. గోపురం చెప్పిన దారిలోనే వెళ్దాం. పునాది మట్టం నుంచి కిటికీ అడుగు వరకు రాతి గోడ, ఆ పైన ఇటుక గోడకు లేత రంగు సున్నపు పూత. వాన చినుకులు చిమ్మేది, బెంచీలు తగిలేది, గోడకు ఆనించిన కాళ్ల మురికి అంటేది కింది భాగానికే. సండూరు వైపు గనుల ఎర్రదుమ్ము గాలికి వచ్చి సజ్జాల మీద పేరుకుంటుంది. తొలివానకు అది చారలు చారలుగా గోడ మీదికి దిగుతుంది. సజ్జా అడుగున అంచు వెంట చిన్న గాడి తీస్తే నీరు గోడకు పాకకుండా అక్కడే బొట్లుగా రాలిపోతుంది. ఈ గాడికి అయ్యే ఖర్చు ఏపాటిది? అది లేకపోతే మాటిమాటికీ రంగులు వేయాలి.

ఆర్‌సీసీ స్తంభాల భవనానికి పలుచని గ్రానైట్ పలకలు తొడగాలంటే ఒక జాగ్రత్త అవసరం. ఎత్తున ఉన్న పలకలను వట్టి సిమెంటుతో అంటించకూడదు. ఎండకు సాగి, చలికి ముడుచుకొని, ఏనాడో ఒకటి ఊడి పడుతుంది. కింద నడిచేది పిల్లలు. తుప్పు పట్టని స్టీలు క్లాంపులతో బిగించి, పలకకూ గోడకూ మధ్య గాలి ఆడే సందు ఉంచితే పట్టు నిలుస్తుంది, గదికి వేడి కూడా తగ్గుతుంది. నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయి ఎండను ఎక్కువగా పీలుస్తుంది. లేత బూడిద రంగు, గులాబీ రంగు రాళ్లు మన ప్రాంతానికి మేలు.

ఇందులో జీవనం సంగతి కూడా ఉంది. తెలుగులో వడ్డెరలని, కన్నడంలో భోవులని పిలిచే రాతిపని కుటుంబాలు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నాయి. అద్దానికి, అల్యూమినియానికి పెట్టిన డబ్బు ఎక్కడికో పోతుంది. ఉలి పట్టిన చేతికి ఇచ్చిన కూలి ఈ జిల్లాలోనే తిరుగుతుంది.

ధర్మవరం రామకృష్ణమాచార్యులను, బళ్లారి రాఘవను తెలుగు నాటకానికి అందించిన ఊరు మనది. 2010 నుంచి కృష్ణదేవరాయల పేరిట ఇక్కడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, కన్నడం పక్కపక్కన పెరిగిన ఈ నేలలో భాషలు, కళలు చెప్పే భవనం ఏదైనా లేస్తే, దాని బొమ్మ మీ ముందుకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. కరెంటు లేనప్పుడు ఈ గదిలో కూర్చోగలమా? ఈ గోడను ఇరవై ఏళ్ల తరువాత మన ఊరి మేస్త్రీ బాగుచేయగలడా? ఈ ముఖం చూస్తే ఇది ఏ ఊరిదో తెలుస్తుందా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే సంతోషంగా ఒప్పుకోండి. రాకపోతే, బొమ్మ ఎంత మెరిసినా మళ్లీ గీయించండి. కట్టేది ప్రజల డబ్బుతో, చదువుకునేది మన పిల్లలు.