సముద్రములో కలుపు

చెరువులో పాచి ముసరినచో నీరు చెడునని మనమెల్లరము ఎరుగుదుము. సముద్రములోను అట్టి పాచి పెరుగుననియు, అది సముద్రములోని పైరును పాడుచేయుననియు నేడు మనవిచేసెదను. సముద్రమున పైరేమని నవ్వకుడు. రత్నాకర శబ్దమును ఏండ్ల తరబడి బాలురకు విడమరచి చెప్పిన నేనును అందు సేద్యము కలదని చాలకాలము ఎరుగను.

జపాను దేశమున క్యూషూ ద్వీపమును ఆనుకొని అరియాకే యను సముద్రశాఖ కలదు. అచ్చట ఆటుపోటులకు నీరు ఇంచుమించు 6 మీటర్లు లేచి పడును. చికుగో మొదలగు నదులు తెచ్చు సారమును నమ్ముకొని తీరవాసులు చలికాలమున వలలు కట్టి, వానిపై నోరి యను నాచును పెంచుదురు. దానిని కోసి, తరిగి, కాగితమువంటి పలుచని రేకులుగా ఆరబెట్టుదురు. ఆ దేశస్థులు దానిని అన్నమునకు చుట్టుకొని తిందురు. రేకు నల్లగా నిగనిగలాడిననే మంచి వెల పలుకును.

2000వ సంవత్సరపు చలికాలమున ఆ నీట రైజోసొలీనియా యను జీవి విపరీతముగా పెరిగెను. ఇదియు నాచునకు దూరపు చుట్టమే. కాని సూక్ష్మదర్శనిలో చూడవలసినంత చిన్నది, గాజువంటి పెంకు గలది. ఇది విషము కక్కలేదు. మరి నోరి యెట్లు చెడెను? మీ మడిలోని కలుపు వరికి విషము పెట్టుచున్నదా? ఎరువును ముందుగా తినివేయును, అంతియే. నీటిలో కరగియున్న నత్రజనిని ఈ సూక్ష్మజీవులు లాగుకొనగా, వలలను అంటియున్న నోరికి ఆకలి మిగిలెను. నోరి నలుపునకు కారణమైన వర్ణద్రవ్యములు మాంసకృత్తులతో కూడినవి. నత్రజని లేనిదే అవి నిలువవు. ఆకు వెలవెలబోయి పసుపు తిరిగెను. మడిలో కలుపును చేతితో పెరుకవచ్చును. సముద్రమును వడకట్టు వారెవరు?

2001 జనవరిలో నోరి రైతులు పడవలెక్కి ఇసాహాయ కట్టకడకు పోయి మొరపెట్టిరి. సముద్రపు బురదనేలను సాగులోనికి తెచ్చుటకై ప్రభుత్వము అచ్చట 7 కిలోమీటర్ల కట్ట పోసి, 1997 ఏప్రిల్ 14న 293 ఉక్కుపలకలను దింపి నీటిని మూసివేసెను. ఆ బురదనేలలు పోయినందుననే పాచి పెరిగినదని వీరి వాదము. శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము కుదరలేదు. 2010లో ఫుకువోకా ఉన్నత న్యాయస్థానము తలుపులు తెరువవలెనని తీర్పు చెప్పెను. ఉప్పునీరు వచ్చినచో మా చేలు పోవునని కట్ట లోపలి రైతులు అడ్డుపడిరి. నాకు చేనును ఎరుకయే గనుక వారిని తప్పుపట్టజాలను. నోరివారిని మాత్రము ఏమని ఓదార్చుదును? 2023 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము నోరివారి విన్నపమును త్రోసివేసెను. ఆ చలికాలముననే అరియాకే నోరి మరల పాలిపోయెను.